ఇంకో మోతాదు

భవానీప్రసాద్ మీద సాంబయ్యకున్న కక్ష షేర్లతో మొదలైంది కాదు. ఏడో తరగతి పెద్ద పరీక్షల్లో, లెక్కల పేపరు రోజున మొదలైంది. ఒకే బెంచీ, ఆ చివర ప్రసాదు, ఈ చివర సాంబయ్య. వడ్డీ లెక్క దగ్గర సాంబయ్య కలం ఆగిపోయి పక్కకి చూశాడు. చూడగానే ప్రసాదు ఎడమ మోచెయ్యి తెచ్చి కాగితానికి అడ్డం పెట్టాడు. ఊరికే పెట్టటం కాదు, కోడి గుడ్లమీద రెక్క పరిచినట్టు పరిచి, ఆ రెక్క కింద నుంచి గబగబా రాసుకుపోయాడు. వాడు పాసయ్యాడు. వీడు తప్పాడు. వాడు నందిగామ హైస్కూలుకీ, విజయవాడ కాలేజీకీ, ఆనక బ్యాంకు కుర్చీలోకీ వెళ్ళాడు. వీడు వత్సవాయి పక్కన నల్లరేగట్లో అరక వెనకాల నడిచాడు.

అంత చిన్న సంగతి ముప్పై ఏళ్ళు ఎవడైనా గుర్తుపెట్టుకుంటాడా అంటే, సాంబయ్య పెట్టుకున్నాడు. మర్చిపోదామనుకున్నప్పుడల్లా ప్రసాదే ఏదో ఒకటి చేసి గుర్తుచేసేవాడు.

బ్యాంకులో వీఆర్ఎస్ తీసుకున్నాక ప్రసాదు నందిగామ గాంధీ సెంటర్లో మేడమీద షేర్ల ఆఫీసు పెట్టాడు. రెండు కంప్యూటర్లు, ఒక టీవీ, ఎప్పుడూ వణికించే ఏసీ. మేష్టర్లూ, ఎరువుల కొట్ల వాళ్ళూ, పత్తి వ్యాపారులూ పొద్దున తొమ్మిదింటికే మెట్లెక్కి మూడున్నర దాకా తలలెత్తి ఆ టీవీ కింద నడిచే అంకెలు చూస్తూ కూర్చునేవాళ్ళు. రెండువేల ఏడు దసరా ముందు, పత్తి మందుల కోసం నందిగామ వచ్చిన సాంబయ్యని ప్రసాదు రోడ్డుమీద పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు.

"ఒరే సాంబా, మిర్చి ఏసీలో పెట్టావంటగా?"

ఆ వైపు కోల్డ్ స్టోరేజీని అందరూ ఏసీ అనే అంటారు.

"పెట్టా. రేటొచ్చిందాకా తియ్యను."

"బస్తాలమీద అప్పు తీసుకున్నావా?"

"తీసుకోకపోతే ఈ ఏడు పెట్టుబడెక్కడిదిరా?"

"ఇదీ అంతే. షేర్లు కొని నీ పేరున పెట్టుకుంటావు. వాటిమీద అప్పిస్తారు. ఆ అప్పుతో ఇంకొన్ని కొంటావు. రేటొచ్చిందాకా ఆగుతావు. నీకు కొత్త ఏముంది ఇందులో?"

సాంబయ్యకి అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

"మరి రేటొస్తదని ఏవిటి గ్యారంటీ?"

ప్రసాదు నవ్వాడు. "అమెరికాలో ఇళ్ళ అప్పులు మునుగుతున్నయ్. వాళ్ళ పెద్దబ్యాంకు భయపడి మొన్న వడ్డీ దించింది. దించటం దించటం ఇక్కడ మనకి మూడు వారాల్లో రెండు వేల పాయింట్లెక్కింది."

"వాళ్ళ ఇళ్ళు మునిగితే మన షేర్లు పెరగటమేందిరా?"

"డబ్బు చవకైపోయింది. అక్కడ పెడితే వడ్డీ రాదు. ఎక్కడో ఓచోట కూర్చోవాలిగా, ఇక్కడికొచ్చి కూర్చుంటంది. పడితే మళ్ళీ దించుతారు. పడనివ్వరురా వాళ్ళు!"

చుట్టూ కూర్చున్న మేష్టర్లు తలలూపారు. సాంబయ్య ఆ వారంలోనే ఏసీలో ఉన్న మిర్చి తెగనమ్మి ఆరు లక్షలు తెచ్చి కట్టాడు. ఆరు లక్షలకి ప్రసాదు ఇరవై లక్షల సరుకు కొనిపెట్టాడు. సంక్రాంతికి ముందు లెక్కచూస్తే ఆరు పదకొండైంది. పున్నమ్మ అమ్మేసి తెచ్చెయ్యమంది. "ఏసీలో సరుకు పెట్టినోడు రేటు పెరుగుతుంటే గేటు తీయిస్తాడటే?" అని పెళ్ళాన్ని కసిరాడు సాంబయ్య.

జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఓ మంగళవారం అతను మిర్చి కోతల్లో ఉన్నాడు. ముందురోజు నుంచే బజారు పడుతోందని తెలుసు. పదిన్నరకి జేబులో ఫోను మోగింది.

"సాంబా, మధ్యాహ్నంలోగా మూడు లక్షలు కట్టాలిరా. లేకపోతే అమ్మేస్తారు."

"ఎవరు అమ్మేది? నేను అమ్మనుగా."

"అది కాదురా…"

"రేటు లేనప్పుడు అమ్మటమేందిరా! వడ్డీ పడితే పడనీ. రేటొచ్చిందాకా ఆగుదాం. నాకు కూలోళ్ళు ముప్పైమంది ఉన్నారు, ఆనక మాట్లాడతా."

ఫోను ఆపేసి చొక్కాలో పెట్టి, చొక్కా గట్టుమీద తుమ్మకొమ్మకి తగిలించాడు. ఎందుకంటే అతనికి తెలిసిన పద్ధతి అది. గుంటూరు యార్డులో రేటు సగానికి పడినా ఏసీలో టిక్కీలు, ఆ మిర్చి బస్తాలు, ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. తాళం వాళ్ళదే, సరుకు మాత్రం రైతుది. రైతు వచ్చి తియ్యమంటేనే తీస్తారు. వడ్డీ కడుతూ రెండేళ్ళు కూర్చున్నవాళ్ళున్నారు. ఆ చుట్టుపక్కల మిర్చి పండించే ఏ మొగాడైనా ఆ మంగళవారం సాంబయ్య చేసిందే చేసేవాడు.

సాయంత్రం చొక్కా తొడుక్కునేసరికి అంతా అయిపోయింది. ఒక్క షేరు మిగల్లేదు. ప్రసాదుకి పైనున్న ముంబయి కంపెనీ వాళ్ళ కంప్యూటరు అన్నిటికన్నా అడుగురేటున అన్నీ ఊడ్చేసింది. ఆ రాత్రికే అమెరికా పెద్దబ్యాంకు హడావుడిగా వడ్డీ మళ్ళీ కోసింది. మర్నాడు బజారు లేచింది. లేచిన బజారులో సాంబయ్య లేడు.

మేడమెట్లు రెండేసి ఎక్కి పైకెళ్ళాడు.

"నా సరుకు నన్నడక్కుండా ఎట్టా అమ్మావురా?"

"నేనమ్మలేదురా, సిస్టమ్ అమ్మింది."

"సిస్టమ్‌కి నా ఊరూ పేరూ ఎవడు చెప్పాడు? నువ్వు కాదా?"

"ఫోన్ చేశాగదరా నీకు! డబ్బు కట్టమన్నా కట్టలేదు. పైగా పడ్డ రేటుకి నువ్వే ఇంకా లక్షా తొంభై వేలు బాకీ తేలావు."

"నా ఆరు లక్షలు పోయి, నేనే బాకీనా?"

ప్రసాదు కుర్చీలో వెనక్కి వాలాడు. అప్పుడన్నాడు, అందరూ వినేట్టు: "నాదే తప్పులేండి మేష్టారూ. చదువుకోనోడికి ఇట్టాంటివి చెప్పకూడదు."

మేష్టర్లు నవ్వారు. పెద్దగా కూడా కాదు, ముక్కుల్లోంచి నవ్వారు. సాంబయ్యకి ఏడో తరగతి బెంచీ కళ్ళముందుకొచ్చింది. రోడ్డుపక్కనున్న ఎకరా పది సెంట్లు అమ్మి ఆ బాకీ కట్టాడు. ఎగ్గొట్టచ్చు. కానీ వాడికి బాకీ ఉండి వాడి పతనం కోరుకుంటే అందులో రుచుండదు.

ఆ ఏడంతా సాంబయ్య చెడు వార్తల మీద బతికాడు. అంతకుముందు సినిమా పేజీ తప్ప చూడని మనిషి, పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపరు లాక్కుని బిజినెస్ పేజీ తీసేవాడు. సెన్సెక్స్ పదిహేను వేలు అన్నప్పుడు ఒక టీ తాగాడు. పన్నెండన్నప్పుడు కొట్టులో ఉన్న నలుగురికీ తాగించాడు. వినాయక చవితి వెళ్ళాక, అమెరికాలో నూట యాభై ఏళ్ళనాటి కంపెనీ ఒకటి ఒక్క పూటలో కూలిందని చదివి, బస్సెక్కి వేదాద్రి వెళ్ళి నరసింహస్వామికి కొబ్బరికాయ కొట్టొచ్చాడు.

"ఎవరి కొంపో కూలితే కొబ్బరికాయేంటయ్యా?" అంది పున్నమ్మ, చెక్క తీసుకుంటూనే.

"అది కూలితేనే వీడిది కూలేది. మొదలు అక్కడుంది."

అతని లెక్క నిజమే. రెండువేల తొమ్మిది ఫిబ్రవరిలో ఒకరోజు ప్రసాదు ఆ ఊరొచ్చాడు. కారులో కాదు, ఎర్రబస్సులో. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. సాంబయ్య కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. మంచం వాల్చి కూర్చోబెట్టాడు. పున్నమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.

"నాకో నాలుగు లక్షలు కావాలిరా సాంబా. మూడు నెలలు. నువ్వు కాదంటే నాకింకో మనిషి లేడు."

"చదువుకోనోణ్ణి, నాదగ్గరేముంటయ్యిరా?"

ప్రసాదు తల వంచుకున్నాడు. "అది మనసులో పెట్టుకున్నావా? నేనూ అందరిలాగే అప్పుతో కొన్నా. పడ్డప్పుడల్లా ఇంకొంత కొన్నా, వడ్డీ దించుతున్నారు గదా లేస్తుందని. మన రిజర్వు బ్యాంకు కూడా దించింది, ఒకసారి కాదు. లెగట్లా. అప్పిచ్చిన విజయవాడ ఫైనాన్సు వాళ్ళకి నందిగామ ఇల్లు తాకట్టు పెట్టా."

సాంబయ్య మిరపకాయలు తిరగేసే కర్ర పక్కన పెట్టి, మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఎంతో ప్రేమగా అడిగాడు.

"ఎంత దాకా పడితే పోద్దిరా ఇల్లు?"

"ఇప్పుడు తొమ్మిది వేల చిల్లరుంది. ఏడు వేలు తాకిందంటే తాళం వాళ్ళ చేతికెళ్తుంది."

"ఏడు వేలు."

"ఆ."

"డబ్బయితే లేదురా ప్రసాదూ. మజ్జిగ తాగు."

వాడు బస్సెక్కిందాకా కూడా ఉండి సాగనంపాడు సాంబయ్య. బస్సు మలుపు తిరిగాక అక్కడే నిలబడి ఆ అంకెని రెండుసార్లు నోట్లో అనుకున్నాడు. పగ ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు. పగవాడు ఏ అంకె దగ్గర చస్తాడో తెలిసిన అదృష్టం ఎంతమందికొస్తుంది?

మర్నాడు జగ్గయ్యపేట వెళ్ళాడు. అక్కడ బంగారం కొట్ల వీధిలో తిరుపతిరావు అనే ఆయన ఒక చిన్న గదిలో ఇదే షేర్ల వ్యాపారం చేసేవాడు. ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను, గోడకి తిరుపతమ్మ పటం. నెమ్మదస్తుడు.

"పడితే డబ్బొచ్చే బేరం ఏదో ఉందంట గదండి. అది కావాలి నాకు."

తిరుపతిరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఉందండి. చేతిలో లేని సరుకు ముందు అమ్మటం, రేటు పడ్డాక కొని పూడ్చటం. కానీ సాంబయ్యగారూ, కొన్నవాడికి పోతే పెట్టిందే పోద్ది. ఇందులో రేటు పెరిగితే ఎక్కడిదాకా పోద్దో అడుగుండదు."

"పెరగదు."

"అంత గట్టిగా ఎట్టా చెప్తన్నారు?"

"మీరు హైవే మీదకి పోయి చూడండి. కీసర దాకా ప్లాట్ల జెండాలన్నీ రంగు వెలిసిపోయినయ్. రాళ్ళు పాతినోళ్ళు రాళ్ళు పీక్కుపోతన్నారు. చిల్లకల్లు దగ్గర లారీలు బారులు దీరి నిలబడ్డయ్, డ్రైవర్లు పేకాడుతున్నారు. పత్తి కొనే నాథుడు లేడు. సరుకు కదలకుండా కంపెనీకి లాభం ఎక్కణ్ణుంచొస్తదండి?"

"మీరన్నది నిజమే. కానీ పైనుంచి డబ్బు వదుల్తున్నారు. ఆ డబ్బు దేన్నన్నా లేపుద్ది."

అప్పుడు సాంబయ్య పత్తి సంగతి చెప్పాడు.

"తొంభై ఏడులో మీరెక్కడున్నారో నాకు తెలీదు. నేను పత్తి చేలో ఉన్నా. పురుగొచ్చింది. ట్యాంకుకి ఒక మూత మందు కొట్టమన్నారు, కొట్టాం. రాలింది. వారానికి మళ్ళీ వచ్చింది. రెండు మూతలు కొట్టాం. రాలింది. మళ్ళీ వచ్చింది, ఈసారి లావుగా వచ్చింది. మూడు మూతలు. ఆ మందులో ఈ మందు కలిపి కొట్టాం. చేను పచ్చగా నిగనిగలాడేది, దార్న పోయేవాళ్ళు ఎంత బాగుందో అనేవాళ్ళు. ఆఖరుసారి కొట్టి ట్యాంకు దించి చూస్తే, మందుతో తడిసిన ఆకు మీద పురుగు తాపీగా నడుచుకుంటా పోతంది, షికారుకొచ్చినట్టు. ఆ రోజుతో అయిపోయింది. ఇదీ అదే. మూతలు పెంచుతున్నారు. పురుగు మందుకి అలవాటు పడింది. ఈసారి మందు పనిచెయ్యదు."

తిరుపతిరావు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "చెప్పింది బాగుందండి," అన్నాడు. "ఆఖరుసారి ఏదో మాత్రం కొట్టేదాకా తెలీదు గదా."

ఆ మాట సాంబయ్య చెవిన పడింది, లోపలికి వెళ్ళలేదు. అదే వీధిలో బంగారం వ్యాపారి దగ్గర మిగిలిన పొలం కాగితాలు పెట్టి ఏడు లక్షలు తెచ్చాడు. పున్నమ్మకి ట్రాక్టరు అన్నాడు. ఆమె నమ్మలేదు కానీ, ఏ ట్రాక్టరని కూడా అడగలేదు.

మొదటి రెండు వారాలు స్వామి మొర ఆలకించినట్టే ఉంది. తొమ్మిది వేలు ఎనిమిదిన్నరైంది. మార్చి మొదట్లో ఎనిమిది వేల నూట యాభైకొచ్చింది. సాంబయ్య లాభం రెండు లక్షలు దాటింది. తిరుపతిరావు ఫోన్ చేసి, "ఇవాళ కొని పూడ్చేద్దామండి, వడ్డీ పోను బాగానే మిగులుద్ది" అన్నాడు.

"నాకు డబ్బు కాదండి కావాల్సింది. ఏడు వేలు కావాలి."

"ఏడు వేలేందండి? అక్కడేముంది?"

"ఒక ఇల్లుంది."

ఆ మధ్యాహ్నమే నందిగామ వెళ్ళాడు. ఆ ఇంటిని అంతకుముందు సరిగ్గా చూడలేదు. రెండంతస్తులు, ఆకుపచ్చ గేటు, మేడమీద పిట్టగోడకి తెల్ల సున్నం. ఎదురుగా సైకిళ్ళ షాపు అరుగుమీద కూర్చుని, పొలం కొనేవాడు గట్లు చూసుకున్నట్టు ఒక్కో కిటికీ చూసుకున్నాడు. తాళం ఎక్కడ వేస్తారు? గేటుకా, లోపలి తలుపుకా? సామాను రోడ్డుమీద ఏ పక్కన పెడతారు? ఆ రోజున తను ఈ అరుగుమీదే కూర్చోవాలి. ఒక టీ చెప్పాలి.

గేటు తీసుకుని ప్రసాదు భార్య భారతీదేవి బయటికొచ్చింది, చేతిలో చెత్తబుట్టతో. చూసి గుర్తుపట్టింది.

"అన్నయ్యగారూ, ఎండలో కూర్చున్నారేంటండి? లోపలికి రండి."

తప్పించుకునే లోపలే చేతికి మంచినీళ్ళ గ్లాసొచ్చింది. హాల్లో సోఫాలో కూర్చుని ఆ నీళ్ళు తాగాడు. చల్లగా ఉన్నాయి.

"ఆయన విజయవాడ వెళ్ళారండి, వాళ్ళ కాళ్ళావేళ్ళా పడటానికి. మొన్న మీ ఊరొచ్చి వెళ్ళాక ఒకటే మాట. మా సాంబడి దగ్గర నిజంగానే డబ్బు లేదు, ఉంటే ఇచ్చేవాడు అని. మీకు తెలుసుగా ఆయన సంగతి, నోరే అంత, లోపలేం ఉండదు."

సాంబయ్య గ్లాసు కింద పెట్టాడు. అక్కడ ఆగిపోయి ఉండాల్సింది. లేచి, తిరుపతిరావుకి ఫోన్ చేసి, రెండు లక్షలు జేబులో వేసుకుని ఇంటికి పోయి ఉండాల్సింది. కానీ 'లోపలేం ఉండదు' అన్నమాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. లోపల ఏమీ లేకుండానే ఒకడు ఇంకొకడి ఎకరా పది సెంట్లు తినెయ్యగలడా? పగ కూడా పెట్టుకోకుండా, ఊరికే నోటి దురదతో, మేష్టర్లని నవ్వించటానికి? అయితే ఇంకా పోవాలి ఈ ఇల్లు.

"వస్తానమ్మా," అని లేచాడు. "అంతా సర్దుకుంటదిలే."

మార్చి మూడో వారంలో, పేపర్లో మొదటి పేజీ మీదకెక్కింది ఆ వార్త. అమెరికా పెద్దబ్యాంకు ఇక వడ్డీ దించటానికి ఏం మిగల్లేదు గనక, డబ్బే పుట్టించి లక్షల కోట్లకి బాండ్లు కొంటుందంట. సాంబయ్య టీ కొట్టు దగ్గర రెండుసార్లు చదివాడు. బజారు తొమ్మిది వేలకి లేచింది. పదికి లేచింది. ఇక్కడ మన రిజర్వు బ్యాంకు మళ్ళీ వడ్డీ కోసింది. పదకొండైంది.

తిరుపతిరావు రోజూ ఫోన్ చేసేవాడు. "సాంబయ్యగారూ, ఇంకో లక్ష కట్టాలండి. లేదా తీసేద్దాం."

"లారీలు తిరుగుతున్నయ్యా?"

"లేదండి."

"ప్లాట్లు అమ్ముడవుతున్నయ్యా?"

"ఎక్కడండి!"

"మరెందుకు పెరుగుతందండీ ఇది?"

"అదేనండి నేను మొదట్లో చెప్పింది. కంపెనీలు బాగుపడి కాదు. డబ్బు ఎక్కువై."

"అంటే నీళ్ళల్లో మునిగినోడి మీద ఇంకొన్ని నీళ్ళు పోసి తేల్చటమా?"

"తేలుతున్నాడుగా మరి."

"శవం కూడా తేలుద్దండి," అన్నాడు సాంబయ్య, అని లక్ష కట్టాడు. పున్నమ్మ నానుతాడు తాకట్టు పెట్టి ఇంకో లక్ష కట్టాడు. రైతుకి తెలిసిన ధైర్యం ఒకటే. మొదటి వాన తప్పితే మళ్ళీ విత్తటం, రెండోసారీ మొలక మాడితే మూడోసారి విత్తటం. ఆకుమీద పురుగు నడవటం అతను కళ్ళారా చూసినవాడు. తన కన్ను అబద్ధం చెప్పదు. ఇవాళ కాకపోతే రేపు మందు ఓడిపోతుంది.

మే నెలలో ఎన్నికల ఫలితాలు శనివారం వచ్చాయి. సోమవారం పొద్దున బజారు తెరిచేసరికి సాంబయ్య తిరుపతిరావు గదిలో ఉన్నాడు. పన్నెండు వేల దగ్గరున్న అంకె కళ్ళు మూసి తెరిచేలోపు పదమూడు దాటింది, ఆ వెంటనే ఆగిపోయింది. స్క్రీన్ బిగుసుకుపోయింది.

"ఏవైందండి? కరెంటా?"

"కాదండి. మరీ ఎక్కువ పెరిగిందని బజారే ఆపేశారు."

"కొనెయ్యండి. పూడ్చెయ్యండి. ఎంతకైనా సరే కొనెయ్యండి!"

"అమ్మేవాడు లేడండి."

రేటు పడిపోయి గుంటూరు యార్డు మూసేసిన రోజులు సాంబయ్యకి తెలుసు. రైతులు గేట్లు తన్నిన రోజులు తెలుసు. ఎక్కువ పెరిగిందని మూసిన బజారుని అతను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తిరుపతిరావు, పాపం, రెండు టీలు చెప్పాడు. మర్నాడు బజారు తెరిచాక పద్నాలుగు వేల పైన కొని పూడ్చారు. బంగారం వ్యాపారి అసలూ, దానిమీద వడ్డీ, తిరుపతిరావు పైనున్న కంపెనీ వాళ్ళకి తేలిన బాకీ అన్నీ కలిపితే మిగిలిన పొలం అమ్మక తప్పలేదు.

కొనేవాణ్ణి వెతుక్కోనవసరం లేకుండానే ఒకాయన వచ్చాడు. కుటుంబరావు అని విజయవాడలో రిటైరైన ఆఫీసరు. మెత్తటి చెప్పులేసుకుని చేలో నాలుగడుగులు వేసి, మట్టి చేత్తో తీసి చూసి, జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

"బ్యాంకులో వేస్తే ఏమిస్తున్నాడండి, వడ్డీ అంతా దించేశారుగా. మార్చిలో అడుగున పడ్డప్పుడు నాలుగు షేర్లు కొన్నా, డబలయ్యాయి. ఆ లాభం భూమిమీద పెడదామని. మా ప్రసాద్‌గారే చెప్పారు, మంచి రేగడి ఉందని."

"ఏ ప్రసాద్‌గారు?"

"భవానీప్రసాద్‌గారండి, నందిగామ. మీ క్లాస్‌మేటంట గదా."

సాంబయ్య ఆయన చెప్పుల వంక చూశాడు. అమెరికాలో ఎక్కడో పుట్టించిన డబ్బు అన్ని సముద్రాలు దాటి, ముంబయి మీదుగా విజయవాడ వచ్చి, ఈ మెత్తటి చెప్పులేసుకుని తన చేలో నడుస్తోంది. అదన్నమాట సంగతి. ఎక్కడో ఓచోట కూర్చోవాలిగా అన్నాడు ప్రసాదు. వచ్చి కూర్చుంది.

రిజిస్ట్రేషన్ రోజున జగ్గయ్యపేట ఆఫీసు వరండాలో ప్రసాదు ముందే ఉన్నాడు. బుగ్గలు నిండాయి. ఇస్త్రీ చొక్కా. సాంబయ్యని చూసి ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఏందిరా ఇది? నాకొక మాట చెప్పకుండా పొలం అమ్మకానికి పెట్టటమేంది? సరేలే, బయటోడికి పోకుండా మంచి మనిషికిప్పించా, సెంటుకి వంద ఎక్కువే కట్టించా. నా ఇల్లు నిలబడిందిరా సాంబా! ఎనిమిది వేల దగ్గర ప్రాణం గొంతులోకొచ్చింది. అక్కణ్ణుంచి తేల్చారు. చెప్పాగా నేను, పడనివ్వరని!"

"చెప్పావు."

"నీకెట్టా పోయిందిరా ఇంత? బజారు పెరిగితే అందరూ బాగుపడ్డారు గదా. మిర్చా? పత్తా?"

సాంబయ్య వాడి మొహంలోకి చూశాడు. వాడికి నిజంగానే తెలీదు. నీ ఇంటికి తాళం పడాలని నా పొలం ఒడ్డానురా అని చెప్పటానికి లేదు. చెబితే ఈ వరండాలో ఉన్న దస్తావేజు లేఖరులంతా, ఆ మేష్టర్ల లాగే ముక్కుల్లోంచి నవ్వుతారు.

"పత్తి," అన్నాడు. "పురుగు కొట్టేసింది."

"ఈ ఏడు పురుగు లేదుగా?"

"ఉందిరా. మీకు కనపడట్లా. మందెక్కువ కొట్టారు, రాలింది. కొట్టినోడు ఎగిరి గంతేస్తన్నాడు రాలిందని. వచ్చేసారి అంతకన్నా లావు పురుగొస్తది, అంతకన్నా ఎక్కువ మూతలు కొడతారు. రాలుద్ది. అట్టా అట్టా ఒకరోజు తడి ఆకుమీద అది నడుచుకుంటా వస్తది ప్రసాదూ. ఆ రోజు అమెరికా వాడి దగ్గర మూత ఉండదు, మనవాడి దగ్గరా ఉండదు. ఆ రోజున నేను చావకుండా ఉండాలని మొక్కుకున్నా. మీ ఇంటెదురు సైకిళ్ళ షాపు అరుగుంది చూడు, వచ్చి అక్కడ కూర్చుంటా."

ప్రసాదు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పెద్దగా నవ్వాడు. "ఏం మాట్లాడతాడండి మావాడు! చదువుకుని ఉంటేనా, ప్లీడరయ్యేవాడు."

లోపల్నుంచి పిలుపొచ్చింది. సాంబయ్య అన్ని కాగితాల మీదా వేలిముద్రలేశాడు, సంతకాలు చేశాడు. రెండో సాక్షి రాలేదని గుమాస్తా విసుక్కున్నాడు. "నేనున్నాగా," అంటూ ప్రసాదు జేబులోంచి పెన్ను తీసుకుని బల్లమీదకి వంగాడు. ఎడమ మోచెయ్యి తెచ్చి కాగితానికి అడ్డంగా పెట్టాడు. అలవాటు. దాని కింద నుంచి గబగబా సంతకం చేసేశాడు.

ఆ మోచేతి కింద ఏం రాసుందో ఈసారి సాంబయ్యకి చూడకుండానే తెలుసు. మూడు ఎకరాల ముప్పై అయిదు సెంట్లు. రోడ్డుపక్క పోయింది కలుపుకుంటే నాలుగు ఎకరాల నలభై అయిదు సెంట్లు.